అక్కను చూడమన్న రైలు డాక్యుమెంటరీ

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం ఏ డాక్యుమెంటరీ చూడాలో చెప్పేది నేను. ఆ పని నాకు ఎవరూ అప్పగించలేదు. గుడ్ మార్నింగ్ పువ్వులు, దేవుడి బొమ్మలు, ఫలానా ఆకు నమిలితే షుగర్ పోతుందనే వైద్యాలు చూసి చూసి విసుగొచ్చి, నేనే నెత్తిన వేసుకున్నాను. ఇంటింటికీ పెద్ద టీవీలు వచ్చాయి. లోకంలో ఉన్నదంతా చూపించే యాప్ వచ్చింది. మా వాళ్లు మాత్రం అందులో కూడా వెతికి వెతికి, చూసిన సినిమానే మళ్లీ చూస్తారు. నాకు ఒళ్లు మండేది. అందుకే ఆదివారం టిఫిన్ల వేళకు ఒక డాక్యుమెంటరీ పేరు, దాని గురించి రెండు ముక్కలు పెట్టడం మొదలుపెట్టాను. బేగంపేటలో నేను పనిచేసే ఆఫీసులో కూడా లంచ్ దగ్గర ఇదే వరస. "మేడం, ఈ వారం ఏం చూడాలె?" అని అడుగుతారు. చెప్తే చూడరు, అది వేరే సంగతి.

నాకొక నియమం ఉండేది. నేను చివరిదాకా చూడనిది ఇంకొకరికి చెప్పను. ఈ డాక్యుమెంటరీలను నమ్మడానికి లేదు. మొదట్లో పిల్ల ఏనుగు బురదలో పొర్లుతూ ముద్దుగా ఉంటుంది, అరగంట తిరిగేసరికి దాని తల్లి చచ్చిపోతుంది. వంటల గురించి కదా అని కూర్చుంటే ఆ వంటవాడి విడాకుల దగ్గర తేలుతుంది. యాప్ మాట అయితే అసలే నమ్మను. "మీ కోసం" అని ఒక వరస పేర్చి పెడుతుంది. హత్యల మీద ఒకటి చూసిన పాపానికి చాలా రోజులు నాకు వరసగా హంతకులనే చూపించింది. మా ఆయన ఆ వరస చూసి, నేనిచ్చిన టీ వాసన చూసి మరీ తాగడం మొదలుపెట్టాడు.

నేను చెప్పినవన్నీ తప్పకుండా చూసే మనిషి ఒక్కతే, మా అక్క. నాకంటే పెద్దది. కాప్రాలో సొంత ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. గూడ్సు రైలు డ్రైవర్‌గా చేసి రిటైరైన బావ పోయి రెండేళ్లు దాటింది. ఒక్కతే కూతురు, సైనిక్‌పురిలో కాపురం. ఆ పిల్లే తల్లికి టీవీలో యాప్ పెట్టి, రిమోట్ మీద ఏ బటన్ నొక్కాలో నేర్పింది. అక్కకు మొదలుపెట్టడం వచ్చు, ఆపడం వచ్చు, అంతే. పప్పు పొయ్యి మీద పెట్టి కూర్చుంటుంది. చూడడం అయ్యాక నాకు ఫోన్ చేసి తీర్పు చెప్తుంది. మంచు ఎలుగుబంట్ల మీద ఒకటి చూసి, "మంచు కరుగుతుంది, ఎలుగుబంటికి తిండి దొర్కుత లేదు, సరే. నేనేం చెయ్యాలె చెప్పు. ఫ్రిజ్జు బందు పెట్టాల్నా?" అంది. సముద్రం అడుగున బతికే చేపల మీద పంపితే, "గంత లోపల సుత ఆ చాపకు నెత్తి మీద లైటు ఉందే. మా గల్లీల లేదు" అంది. ఆ తీర్పుల కోసమే నేను పంపేదాన్నంటే అబద్ధం కాదు.

ఆ ఆదివారం నా నియమం నేనే తప్పాను. ముందు రోజు సాయంత్రం యాప్ నా వరసలో రైళ్ల మీద ఒక డాక్యుమెంటరీ పెట్టింది. మొదలుపెట్టాను. కొండలు, వంతెనలు, పొగమంచులోంచి వచ్చే ఇంజను, కిటికీలోంచి చెయ్యి ఊపే పిల్లలు. కళ్లకు హాయిగా ఉంది. సగం కాకముందే మా ఆయన తరఫు వాళ్లు భోజనానికి దిగారు. టీవీ కట్టేసి వంటింట్లోకి పోయాను. తెల్లారి గ్రూపులో, "రైలు ప్రయాణం ఇష్టమైన వాళ్లందరూ చూడండి. ఎవరూ చావరు, ఎవరూ విడిపోరు. పిల్లలతో కూర్చుని చూడొచ్చు" అని రాశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

అక్క వెంటనే గొంతు రికార్డు చేసి పంపింది. "ఇయ్యాల రైలా? మంచిదే. మీ బావ ఇన్నేండ్లు రైలు నడిపి నన్ను ఒక్క కొండ కాడికి సుత తీస్కపోలే. టీవీల అన్న చూస్త."

ఇడ్లీలు తిని, గిన్నెలు సర్ది, మిగిలిన సగం చూద్దామని నేనూ మా ఆయనా కూర్చున్నాం. కొండలు అయిపోయాయి. తర్వాత రైళ్లు నడిపేవాళ్లతో మాటలు మొదలయ్యాయి. ఎక్కడెక్కడి డ్రైవర్లో, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుతున్నారు, కింద ఇంగ్లిష్ అక్షరాలు పోతున్నాయి. ఒక గది కనిపించింది. ఇనుప మంచం, గోడకు తగిలించిన ఎర్రజెండా, పచ్చజెండా. మంచం మీద బావ కూర్చుని ఉన్నాడు.

మా ఆయన చేతిలో నీళ్ల గ్లాసు అట్లాగే ఉండిపోయింది. పోయిన మనిషి, మేమంతా వెంట ఉండి సాగనంపిన మనిషి, చారల చొక్కా వేసుకుని, మెడ గోక్కుంటూ, మా హాల్లో గోడంత పెద్దగా కూర్చున్నాడు. ఎప్పుడో ఉద్యోగంలో ఉండగా, "కెమెరాలు పట్టుకొని పోరగాండ్లు వచ్చిండ్రు, ఏందో మాట్లాడిచ్చిండ్రు" అన్నట్టు లీలగా గుర్తు. ఎవరమూ పట్టించుకోలేదు. బావ మాటలను ఆ ఇంట్లో పట్టించుకోవడం అప్పటికే మానేశారు.

టీవీలో బావను ఏదో అడిగారు. ఆయన కాసేపు నేల చూసి, "ఇంటికి పోయినంక ఏం చేస్తనంటే, గేటు కాడనే తానం చేస్త సార్" అన్నాడు. నా చెయ్యి నాకు తెలియకుండానే రిమోట్ నొక్కి ఆపేసింది. ఎందుకంటే ఆ స్నానం సంగతి నాకు తెలుసు. ఆ స్నానం మీదే మా అక్క కాపురం ముక్కలైంది.

అక్క పెళ్లయిన కొత్తలోనే మొదలైందది. బావ కొన్నిసార్లు డ్యూటీ నుంచి వచ్చి గేటు దాటేవాడు కాదు. అక్కణ్నుంచే కేకేసి, "బకెట్ల నీళ్లు తే. ముట్టుకోకు" అనేవాడు. గేటు పక్కన గచ్చు మీద నిలబడి బట్టలతోనే నెత్తి మీంచి పోసుకునేవాడు. ఆ బట్టలు ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు, తానే నానబెట్టుకుని పిండుకునేవాడు. ఆ పూట తినేవాడు కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాళ్ల అమ్మ బతికున్న రోజుల్లో, "ఎవలన్న పోయిండ్రారా?" అని అడిగేది. "లేదమ్మా, ఇంజన్ల మసి పడ్డది" అనేవాడు. అక్క ఒకసారి ఆయన చూడనప్పుడు ఆ చొక్కా తీసి చూసింది. మసి లేదు, మరక లేదు.

మా ఇళ్లల్లో మగవాడు గేటు బయట తలస్నానం చేసి ఇంట్లోకి వస్తే దానికి ఒక్కటే అర్థం, చావుకు పోయి వచ్చాడని. చుట్టాల్లో చావు లేదు. మసీ లేదు. ఇక కడుక్కోవలసింది ఏముంటుంది? భార్యను తాకవద్దనేంత మైల మగవాడికి ఎక్కడ అంటుతుంది? కాజీపేటలో డ్రైవర్లు పడుకునే గదుల దగ్గర ఎవరో ఆడమనిషి ఉందని అక్క తేల్చుకుంది. రైలు కింద మనుషులు పడతారనే సంగతి మాకు తెలియదని కాదు. కానీ బావ మొదటి నుంచీ, "నాది గూడ్సు బండి. దానికి అడ్డం వచ్చేటోడు ఎవడున్నడు?" అని నవ్వేవాడు. మేమూ నమ్మాం.

ఆ అనుమానం అక్క ఒక్క నాతోనే చెప్పింది, కాప్రా చెరువు కట్ట మీద నడుస్తూ. "అడగొచ్చు కదక్కా" అన్నాను. "అడిగితే ఉన్నదంటడు. ఉన్నదన్నంక నేనేం చెయ్యాలె? పిల్లనెత్తుకొని ఏడికి పోవాలె?" అంది. అడగలేదు. అత్తగారికి తోడని చెప్పి పక్క ఆ గదిలోకి మార్చుకుంది. ఆయనతో కలిసి పెళ్లిళ్లకు రావడం మానేసింది. అవసరమైతే తప్ప మాట లేదు. ఇంకో పని కూడా చేసింది. బావ డ్యూటీ నుంచి వచ్చే వేళకు, ఆయన అడగకుండానే బకెట్ నిండా నీళ్లు పట్టి గేటు దగ్గర పెట్టడం మొదలుపెట్టింది. "నాకు తెలుసని ఆయనకు ఎర్క కావాలె. ఇన్ని నీళ్లు చూసి అన్న సిగ్గు రావాలె" అంది నాతో. తర్వాత వెళ్లి చూసుకునేది. బకెట్ నిండుగా ఉంటే ఆ రోజు బావ ఆ ఆడమనిషి దగ్గరికి పోలేదని, ఖాళీగా ఉంటే పోయాడని.

బావ పోయిన రోజు అక్క కంట నీళ్లు రాలేదు. ఎంత గుండెనిబ్బరం అన్నారు చూడవచ్చినవాళ్లు. ఆయన ఫోటో హాల్లో పెట్టనివ్వలేదు. బీరువాలో చీరల కింద ఉంది. అది ఎందుకో నాకొక్కదానికే తెలుసు.

మా ఆయనకు ఇదేమీ తెలియదు. "ఆపినవెందుకు? పెట్టు" అన్నాడు. పెట్టాను.

"చావు కాడికెల్లి వచ్చినోడు తానం చెయ్యకుంట ఇంట్లకు పోతడా సార్?" అన్నాడు బావ. "బండికి మనుషులు అడ్డం వస్తరు. కొందరు తెల్వక వస్తరు, కొందరు తెలిసే వస్తరు. హారన్ కొడ్తం, బ్రేక్ ఏస్తం. గంత బరువు బండి ఏడ ఆగుతది? ఆళ్లు నాకు సుట్టాలు కారు. పేరు సుత తెల్వది. కని ఆళ్లను ఆఖరుకు సూసినోన్ని నేనే గద. నేనన్న తానం చెయ్యకుంటె ఎట్ల?"

నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు.

"ఇంట్ల చెప్పలే. మా అమ్మ గుండె మంచిగ లేని మనిషి, నౌకరీ ఇడిసిపెట్టమంటది. మా ఇంటామెకు సుత చెప్పలే. కని ఆమెకు ఎట్ల ఎర్కైందో ఎర్కైంది. ఒకనాటి సంది నేను వచ్చేటాళ్లకు గేటు కాడ బకెట్ నింపి పెట్టుడు షురూ చేసింది. ఎందుకు, ఏందని ఒక్కనాడు అడగలే. నేను పరేషాన్ అయితనని నాతోని మాట్లాడుడు సుత తక్కువ చేసింది. గసుంటి మనిషి ఇంట్ల ఉండవట్టే ఇన్నేండ్లు బండి నడిపిన సార్."

ఆ తర్వాత ఇంకెవరో డ్రైవర్ వచ్చాడు, ఇంకేదో భాష. నాకు వినపడలేదు. ఇన్నేళ్లు ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకే బకెట్‌ను చూసుకుంటూ బతికారు. ఒకరికి అది తిట్టు, ఒకరికి దయ. ఆమె కోపాన్ని ఆయన ప్రేమ అనుకుని, ఆ అనుకోవడం మీదే బతికి, అట్లాగే వెళ్లిపోయాడు. ఇదంతా మా అక్క ఇప్పుడు ఒంటరిగా, పొయ్యి మీద పప్పు పెట్టుకుని చూస్తోంది. పంపింది నేను. ఎవరూ చావరని రాసి మరీ పంపాను.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. టీవీ చూసేటప్పుడు అక్క ఫోన్‌ను ఫ్రిజ్ మీద చార్జింగ్‌కు పెట్టి మర్చిపోతుంది. మళ్లీ చేశాను. "కారు తియ్యి" అన్నాను మా ఆయనతో. ఏమైందంటే చెప్పే ఓపిక లేదు. అల్వాల్‌లో మా ఇంటి నుంచి యాప్రాల్ మీదుగా కాప్రాకు పోయే దారిలో మటన్ దుకాణాల ముందు బండ్లు అడ్డదిడ్డంగా పెట్టుకుని జనం నిలబడ్డారు. అద్దం దించి ఒకాయన మీద అరిచాను. ఆయన కైమా పొట్లం పట్టుకుని నావైపు వింతగా చూశాడు. దారంతా ఒక్కటే ఆలోచన. ఆమె ఆ భాగం దాకా రాకముందే చేరాలి, టీవీ కట్టెయ్యాలి, కరెంటు పోయిందనో ఇంకోటనో చెప్పాలి. రెండేళ్ల కింద పోయిన మనిషికి ఇప్పుడు క్షమాపణ ఎట్లా చెప్పుకుంటుంది? తెలియకపోతేనే మేలు కదా అనుకున్నాను. ఆ కోపంతోనైనా నిలబడి బతుకుతోంది.

గేటు తీస్తుండగానే పప్పు మాడిన వాసన వచ్చింది.

మా ఆయన పోయి పొయ్యి ఆపాడు. అక్క దివాన్ మీద కూర్చుని ఉంది, రిమోట్ రెండు చేతులతో పట్టుకుని. టీవీలో రైలు డాక్యుమెంటరీ అయిపోయి, దీని తర్వాత ఇది చూడండి అంటూ మంచు ఎలుగుబంటి నిలబడి ఉంది. అక్క నన్ను చూసి, ఎందుకొచ్చావని అడగలేదు.

"చెల్లె, నాకు వెనుకకు తిప్పుడు రాదే. జెర మల్ల పెట్టు."

"వద్దక్కా."

"పెట్టుమంటున్న గద."

పెట్టాను. ముందుకీ వెనక్కీ పోయి, చివరికి ఇనుప మంచం దొరికింది. అక్క ముందుకు వంగింది. "చిక్కిండు" అంది. "గప్పుడే షుగర్ గోలీలు షురూ చేసిండు. గా చారల అంగీ నేను ఇస్త్రీకి ఇచ్చిందే." ఆయన బకెట్ గురించి చెప్తున్నంతసేపూ ఆమె పెదవులు ఆయనతో పాటే కదిలాయి. ఒక్కసారి విన్నదానికే ఆమెకు ఆ మాటలు నోటికొచ్చేశాయి. అయిపోయాక మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. సంగతేమిటో తెలియకపోయినా, మా ఆయన తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్లాడు.

"గా బకెట్ నేను ఎందుకు పెట్టిన్నో నీకు ఎర్కే గద" అంది అక్క.

"ఎరుకే."

"ఆయనకు ఎర్క లేకుండె."

"లేదక్కా."

"మంచిదాన్ననుకొనే పోయిండు." అప్పుడు ఏడ్చింది. బావ పోయినప్పుడు ఏడవనిదంతా, అత్తగారి గదిలో పక్క వేసుకున్న నాటి నుంచి ఏడవనిదంతా ఏడ్చింది. నాకు భయమేసింది. వీపు నిమురుతూ కూర్చోవడం తప్ప ఏం చెయ్యాలో తోచలేదు. ఆ యాప్‌ను, ఆ కెమెరా పిల్లలను, నన్నూ, అందరినీ లోపల్లోపల తిట్టుకున్నాను. నోరు విప్పి ఒక్క ముక్క చెప్పని బావను కూడా తిట్టుకున్నాను.

ఇంతలో ఫ్రిజ్ మీద ఫోన్ టింగుమని మోగడం మొదలుపెట్టింది. గ్రూపులో పెట్టింది అక్కకు ఒక్కదానికే కాదు కదా, అందరూ చూశారు. ఎన్నడూ నా మాట వినని వాళ్లు, ఆ ఆదివారమే విన్నారు. "వదినా, నీ కాళ్లు మొక్కాలె" అని ఒకరు. "గిట్లాంటి భార్య ఉండాలె" అని ఇంకొకరు, చేతులు జోడించిన బొమ్మలతో. నేను ఆ ఫోన్ తెచ్చి ఇవ్వాలా వద్దా అని నిలబడి ఉండగానే కూతురు ఫోన్ చేసింది. అక్క చెయ్యి చాపింది. ఆమె ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది.

"అమ్మా" అని ఆ పిల్ల వెక్కుతోంది. "నువ్వు గంత తెలిసి ఒక్క మాట బయట పెట్టలేదమ్మా. మేమేమో నువ్వు డాడీతోని మంచిగ ఉండవని అనుకున్నం. నాకు ఎన్నిసార్లు కోపమొచ్చిందో. మాఫ్ చెయ్యమ్మా."

అక్క నావైపు చూసింది. ఊరుకోమని నేను తల ఊపాను. అందరూ నమ్మారు, ఆయన నమ్మాడు, ఒక్క "సరే బిడ్డా" అంటే చాలు, ఆ మంచి పేరు జీవితమంతా ఆమెదే. అక్క ముక్కు తుడుచుకుంది.

"నాకు తెల్వది బిడ్డా" అంది. "నాకేం తెల్వకుండె. మీ డాడీకి ఇంకో ఇల్లు ఉన్నదనుకున్న. గా బకెట్ ఆయనకు సిగ్గు రావాలని పెట్టిన. ఆయనకు నిజం చెప్పలేకపోయిన, నీకన్న చెప్పాలె గద."

అవతల వెక్కిళ్లు ఆగిపోయాయి. ఫోన్ కట్టయిందేమోనని నేను తొంగి చూశాను. కట్టవ్వలేదు. ఆ పిల్ల ముక్కు చీదుకుని మెల్లగా అంది.

"ఎందుకు పెడితే ఏందమ్మా. నీళ్లయితే పెట్టినవ్ గద."

"పెట్టిన" అంది అక్క. "చలికాలం సుత ఒక్కనాడు వేడినీళ్లు పెట్టలే బిడ్డా."